గడప దాటాక

మూడు నిమిషాలు కాదు, ఎనిమిది. ఇన్నాళ్ళూ మూడే అనుకుంటూ వచ్చింది తను. అతను బండి తీసినప్పుడు గోడ గడియారం నాలుగూ నలభై నాలుగు చూపించింది. తన ఫోనులో ఉన్న కాల్ నాలుగూ నలభై ఏడుది. మూడు నిమిషాల్లో మనిషికి ఆలోచించుకునే తీరిక ఎక్కడుంటుంది, కార్డు కనబడింది, ఫోన్ చేసింది, అంతే కదా అని పదకొండు వారాలుగా తనకి తనే సర్దిచెప్పుకుంటోంది. తీరా ఈ పొద్దున మరిది ఉమామహేష్ పళ్ళు తోముకుంటూ తన ఫోను వైపూ గోడ వైపూ మార్చిమార్చి చూసి, "ఏటమ్మా, ఈ గడియారం అయిదు నిమిషాలు ముందు పరిగెడతంది?" అన్నాడు.

"నానే తిప్పి పెట్టినాను. మీ నాన ఉన్నప్పట్నుంచీ అలగే ఉన్నాది. బోటు నీకోసం ఆగుతాదేటి?" అంది అత్త గంగాలమ్మ.

ఆ సంగతి దేవికి తెలియనిది కాదు. ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. తెలిసిన సంగతిని మనసు ఇన్ని వారాలు ఎక్కడ దాచిపెట్టిందో, ఎవరి మేలు కోరి దాచిపెట్టిందో.

అలా అయిదు నిమిషాలు వచ్చి మూడింటి పక్కన చేరాయి. ఎనిమిది. ఎనిమిది నిమిషాలంటే బియ్యం కడిగి ఎసట్లో పోసెయ్యొచ్చు. ఎనిమిది నిమిషాలు కార్డు చేత్తో పట్టుకుని గడపమీద కూర్చున్న మనిషి తొందరలో ఫోన్ చేసిందంటే ఎవరు నమ్ముతారు?

ఫోను మోగింది. పదీ పది. ఆ మనిషి మాత్రం గడియారానికి ముందూ ఉండడు, వెనకా ఉండడు.

"ఎత్తు," అంది గంగాలమ్మ. వాకిట్లో పీటేసుకుని ఎండు నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది. తల ఎత్తలేదు. "నీ సుట్టపోడు. రోజూ నిన్ను పలకరించకపోతే ముద్ద దిగదు ఆడికి."

"నాకు సుట్టమేటత్తా? మీ అబ్బాయి కేసుకే కదా సేత్తన్నాడు."

"మా అబ్బాయా! నీకేటీ కాడు మరి." చిటుక్కున ఇంకో తల తెగింది.

దేవి ఫోను పట్టుకుని పెరటివైపు నడిచింది.

"నమస్తే దేవిగారూ, తిరుమలరావునండి, ద్వారకా నగర్ ఆఫీసునుంచి. ఈ కాల్ రికార్డు అవుతుందండి. మీకు తెలిసిందే కదా."

"తెలుసు."

"పోలిరాజుగారు ఎలా ఉన్నారండి?"

"అలగే ఉన్నారు. వాకరు పట్టుకుని నాలుగడుగులు ఏత్తన్నారు. తొడలో రాడ్డు నొప్పెడతందంటన్నారు."

"మంచిదండి."

దేన్ని మంచిదన్నాడో దేవికి ఏ రోజూ అర్థం కాదు. ఐసులో పెట్టిన చేప కన్నులా ఆ గొంతు ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది. తన మొగుణ్ణి గుద్దిన లారీ కూడా ఐసు లారీయే. వేట నిషేధం ఎత్తేసిన మొదటిరోజు, తెల్లారకముందే, బోట్లకి ఐసు చేరవెయ్యాలన్న తొందరలో హార్బరు రోడ్డుమీద పోతోంది. సీజను మొదటి వేటకి బయల్దేరిన పోలిరాజు హార్బరు ఇక రెండు మలుపులుందనగా డివైడరు సందులో బండిని హఠాత్తుగా వెనక్కి తిప్పాడు. ఎందుకు తిప్పాడన్నదే ఇప్పుడు అందరికీ కావాలి. ఆ లారీ ఇన్సూరెన్సువాళ్ళ తరఫున ఆరాలు తీసి, రాజీలు కుదిర్చి పెట్టే కంపెనీ మనిషి ఈ తిరుమలరావు. అడిగితే పోలిరాజు, "తలకి దెబ్బ తగిలింది కదా, గుర్తునేదు," అంటాడు.

"కాగితం తయారైందండి. మీకోసారి చదివి వినిపించమంటారా? 'దారిలో అపశకునం ఎదురైన కారణంగా వాహనదారుడు తన ఇష్టప్రకారం వాహనాన్ని వెనక్కి తిప్పగా...' ఇలా సాగుతుందండి. మా సొంత కవిత్వం ఏమీ లేదు. మీ మరిదిగారు చెప్పిందే. తప్పు చెరిసగం అని మీరు ఒప్పుకుంటారు, మిగతా సగానికి మేము సెటిల్ చేస్తాము. ఆయనొచ్చి సంతకం పెడితే ఇవాళతో అయిపోతుంది."

"మరి మళ్ళీ నాకెందుకు సేత్తన్నారు?"

"ఒక్క చిన్న డౌటండి." కాగితం తిప్పిన చప్పుడు. "ఆ రోడ్డులో టీ కొట్టుకి కెమెరా ఉంది. మొన్ననే చేతికొచ్చింది. డివైడరు సందు దగ్గర ఆయన కుడిచెయ్యి చొక్కా జేబుమీదికి పోయిందండి. ఆ తర్వాతే బండి తిప్పారు. అపశకునం జేబులో ఉండదు కదండి?"

దేవి పెరటిగోడ పట్టుకుంది. గోడ తడిగా ఉంది.

"ఎవరైనా ఫోన్ చేశారా మేడం?"

"నాకు తెలీదు."

"ఫోన్ ఎత్తబోయి తిప్పాడంటే కేసు వేరండి. అప్పుడీ కాగితం ఉండదు, సగమూ ఉండదు. నన్నడిగితే అపశకునమే మీకు లాభం. అయితే సంతకమయ్యాక ఇంకో సంగతి బయటపడితే మోసం కిందికి వస్తుంది, అందుకని ముందే అడగడం నా డ్యూటీ. పదకొండున్నరకి మీవాళ్ళు బయల్దేరతారన్నారు. అప్పుడింకోసారి చేస్తాను. ఈలోగా ఆలోచించుకోండి."

"ఆలోసించడానికేటీ నేదు."

"మంచిదండి," అన్నాడు తిరుమలరావు.

లోపలికొచ్చేసరికి ఉమామహేష్ ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే బోటుమీద పనిచేసేవాళ్ళు. అన్న పడ్డరోజున ఇతను జెట్టీమీద వల సర్దుతూ అన్నకోసం ఎదురుచూస్తున్నాడు.

"ఏటన్నాడు వదినా?"

"మళ్ళీ సేత్తాడంట, పదకొండున్నరకి."

"మళ్ళీ ఎందుకు? నాను మాటాడి అంతా సెట్ చేసీసినాను కదా. నీతో ఏటంత కబుర్లు ఆడికి?"

"నువ్వు మాటాడబట్టే ఇంతదాకా వచ్చింది. లాయరు నీలకంఠంగారు ఫోన్లో ఎవులికీ ఏటీ సెప్పొద్దన్నారా నేదా?"

"అడిగితే సెప్పనా? ఎందుకు తిరిగినాడన్నాడు. సెప్పినాను."

అదీ అతను చేసిన పని. అబద్ధమాడాలని కాదు. పదేళ్ళు సముద్రంమీద తిరిగినవాడికి, హార్బరుదాకా వెళ్ళి వెనక్కి తిరిగే మనిషికి ఒక్కటే కారణం తెలుసు. 'శకునం బాగోనేదు సార్. ఎవులో ఎదురొచ్చుంటారు. అలగైతే ఎవులైనా తిరిగొచ్చేత్తారు కదా,' అన్నాడు, ఎండలో గొడుగు వేసుకుంటారు కదా అన్నట్టు. అవతల టకటకా టైపు చేస్తున్న చప్పుడు వినిపించిందని ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు కూడా. ఆనాటినుంచీ గంగాలమ్మకి ఒకటే ధ్యాస. ఎదురొచ్చింది ఎవరు? రెండు రోజుల్లో తేల్చేసింది. మూడిళ్ళ అవతల ముసలమ్మ. మొగుణ్ణి సముద్రానికి వదులుకున్న మనిషి. ఖాళీ బిందెతో కుళాయికి వస్తూ ఉంది ఆ వేళకి.

"ఆ కాయితంలో ముసలమ్మ పిన్ని పేరు కూడా ఉన్నాదా?" అంది దేవి.

"ఎదురొచ్చిన మనిషెవరో రాయాలన్నారు. రాసుకుంటే రాసుకోనీ. ఆవిడికేటి, జైలా?"

"రాయాల," అంది గంగాలమ్మ వాకిట్లోంచి. "కాయితంమీద రాసి సీలెయ్యాల. రేపు ఆ ముండ నానేటి సేసినానంటే మొకంమీద పరిసి సూపిత్తాను."

"సంతకం ఎట్టకపోతే ఏటవుతాది?"

ఉమామహేష్ ఆఖరి గుండీ వదిలేసి వదిన వైపు తిరిగాడు. "ఏటవుతాదా? ఆ రాడ్డుకి మళ్ళీ ఆపరేషనంట. నువ్వు సేయిత్తావా? మీ అన్న సేయిత్తాడా, ఉక్కునగరంనుంచొచ్చి?"

 అంతలో అతనే కాస్త తగ్గాడు. "కోర్టంటే ఏళ్ళూ పూళ్ళూ పడతాది వదినా. ఇయ్యాల ఇచ్చింది పట్టుకుందాం. పదకొండున్నరకి ఆటో వత్తాది. అన్నయ్యకి సొక్కా తొడుగు."

అప్పుడే వీధిలో బిందె కింద పెట్టిన చప్పుడైంది. పెట్టడం కాదు, కొట్టడం.

"గంగాలమ్మా! నా పేరు రాయిత్తన్నావంట?"

ముసలమ్మ పేరుకే ముసలమ్మ. యాభై దాటి ఉండవు. ఈ పదకొండు వారాల్లో ఆమె కుళాయి దగ్గరికి అందరూ వెళ్ళిపోయాక వస్తోంది. ఆమె తట్టలో చేపలు వేలంపాట దగ్గర ఎవరూ ముట్టుకోవడం లేదని దేవి విన్నది. ఇవాళ మాత్రం నడివీధిలో, పట్టపగలు, ఖాళీ బిందె కాలిముందు పెట్టుకుని నిలబడింది.

"రాయిత్తాను. నా కొడుకు తొడ ఇరిగింది," అంది గంగాలమ్మ లేచి నిలబడి.

"నా మొగుణ్ణి సముద్రం తిన్నాది. నీ కొడుకుని లారీ కొట్టింది. రెండిటికీ నానేనా? సముద్రానికి నానే సెప్పి, లారీకి నానే సెప్పినానా?"

"ఖాళీ బిందెట్టుకుని ఆ యేలకి ఎందుకొచ్చినావు?"

"నీళ్ళకి నిండు బిందెట్టుకుని వత్తారేటే? కుళాయి నాలుగున్నరకి ఇప్పుతాడు. మున్సిపాలిటీవోడితో సెప్పుకో, గంగాలమ్మ కొడుకు ఎల్లినాక ఇప్పమని."

ఎవరో కిసుక్కున నవ్వారు. గంగాలమ్మ మొహం జేవురించింది.

"ఆ ఒక్కరోజూ రాకుంటే సత్తావా?"

"ఆ ఒక్కరోజూ దాహం ఎయ్యదేటి నాకు?" ముసలమ్మ గొంతు అక్కడ ఒక్కసారి బొంగురుపోయింది. మళ్ళీ సర్దుకుంది. "ఇను. నీ కొడుకు బండి చప్పుడు ఇన్నాను. ఇని, గోడ సాటుకి పోయి నిలబడ్డాను. తలకాయ బయటెట్టనేదు. ఆడు మలుపు తిరిగీదాకా అక్కడే ఉన్నాను. నాకు తెలీదేటి నా బతుకు? ఒకరు సెప్పాలా? ఆ గోడ సాటునుంచి..."

ఆమె చూపు గంగాలమ్మ భుజం మీదుగా లోపలికి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ దేవి దగ్గర ఆగింది.

గోడ చాటునుంచి ఈ గడప కనిపిస్తుంది. దేవి ఎన్నోసార్లు అటు నిలబడి చూసింది, కనిపిస్తుందో లేదో తేల్చుకుందామని. కనిపిస్తుంది. చీకట్లో ఫోను వెలుగైతే ఇంకా బాగా కనిపిస్తుంది.

"ఆ గోడ సాటునుంచి ఏటి? సెప్పు," అంది గంగాలమ్మ.

ముసలమ్మ బిందె ఎత్తి చంకనెట్టుకుంది. "ఏటీ నేదు. ఆసుపత్రిలో నీ కోడలికి మూడు రోజులు గంజి తెచ్చి పోసినాను. ఆ గంజి నీళ్ళు ఈ బిందెలోయే." అని తన తలుపు దాకా నడిచి, లోపలికెళ్ళి, గడియ వేసుకుంది.

"సూసినావా దాని పొగరు?" అంది గంగాలమ్మ.

దేవి లోపలికి వెళ్ళిపోయింది. ముసలమ్మకి తెలుసు. తెలిసీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, ఎవరో ఒకరు తన బదులు చెప్పేస్తే తను ఏడిస్తే సరిపోయేది. మనుషులు అంత మంచిగా ఉండకూడదు.

వేటకి బయల్దేరిన మగవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. గడప దాటాడంటే వాడు సముద్రం సొత్తు. ఏది మర్చిపోయినా మర్చిపోయినట్టే. అన్నం క్యారేజీ మర్చిపోతే పస్తుంటాడు గానీ పిలిపించుకోడు. దేవి ఈ మాట పుట్టింట్లోనూ విన్నది, అత్తింట్లోనూ విన్నది. ఫోన్ చేస్తే అది పిలిచినట్టా కాదా అన్నది మాత్రం ఏ పెద్దవాళ్ళూ చెప్పలేదు. వాళ్ళ కాలంలో ఫోన్లు లేవు. ఆ సందులోంచి తప్పించుకుపోవచ్చని కొన్నాళ్ళు చూసింది తను.

కార్డు కనబడింది. పోలీసులకి కాదు, కంపెనీకి కాదు, తనకి తను ఇచ్చుకున్న వాంగ్మూలం అది. సముద్రంమీద కోస్టుగార్డువాళ్ళు ఆపితే చూపించాల్సిన కార్డు, లేకపోతే బోటు మొత్తానికి ఇబ్బంది, అందుకని ఫోన్ చేసింది. నిజమే. కానీ ఎప్పుడు కనబడింది? అతను ఇంకా గడపకి ఇవతల ఉన్నాడు. వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. టీవీ పక్కన కార్డు. 'కార్డు' అని ఒక్కమాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. పళ్ళ వెనక పట్టి ఆపింది.

ముందురోజు సాయంత్రం తన అన్న చూసిపెట్టిన పని మాట ఎత్తింది. ఉక్కునగరంలో కాంట్రాక్టు పని. షిఫ్టు అయిపోతే ఇంటికొస్తాడు మనిషి, రోజూ. అంతకుమించి ఏం కోరింది? పోలిరాజు అవుననలేదు, కాదనలేదు. బట్టల సంచి సర్దుకున్నాడు. పొద్దున లేచి కూడా ఒక్కమాట లేదు. ఇరవై రోజులు నీళ్ళమీద ఉండబోయే మనిషి తన మొహంకేసి చూడకుండా వెళ్ళిపోతున్నాడు. పోనీ. గడప దాటనీ. దాటాక పిలవాలి. దాటాక పిలిస్తే వస్తాడా, రాడా? తనా, సముద్రమా?

ఆ ఎనిమిది నిమిషాలూ గడపమీద కూర్చున్నది దానికే. కార్డు ఒక వంక.

నాలుగో రింగు సగంలో తెగిపోయింది. కోపంతో కట్ చేశాడనుకుంది. ఫోను నేలకేసి కొట్టబోయి ఆగింది. రింగు ఎందుకు తెగిందో అరగంట తర్వాతగానీ తెలియలేదు.

అతను కట్ చెయ్యలేదు. తిరిగాడు. ఆటలో గెలిచింది తనే. 

పోలిరాజు మంచంమీద కూర్చుని ఉన్నాడు. దేవి చొక్కా తొడిగి గుండీలు పెడుతోంది. రెండు మొహాలకీ మధ్య జానెడు దూరం. ఇద్దరూ గుండీలకేసే చూస్తున్నారు.

"నువ్వు సంతకం ఎట్టేత్తావా?" అంది.

"అందరూ ఎట్టమంటన్నారు కదా."

"ముసలమ్మ పిన్ని ఎదురొచ్చిందా నీకు?"

"గుర్తునేదని సెప్పినాను కదా."

"నిజంగానే గుర్తునేదా మావా?"

 "గుర్తుంటే ఏటి సేత్తావు?"

దేవి ఇంకో గుండీ పెట్టింది. అతనికి నిజంగా గుర్తులేదా? గుర్తుండి దాస్తున్నాడా? దాస్తే ఎందుకు? తనని కాపాడడానికా, ఇంకెప్పుడో ఒక రోజున తీసి తన నెత్తిన కొట్టడానికా? పదకొండు వారాలు పక్కన కూర్చుని అన్నం తినిపించినా మనిషి కళ్ళ వెనకేముందో తెలియడం లేదు.

"వదినా!" ఉమామహేష్ బయటినుంచి అరిచాడు. "ఐడీ ప్రూఫు కావాలన్నారు. ఆధార్ జెరాక్స్ చాలదంట. అన్నయ్య కార్డు ఉండాల కదా, బోటు కార్డు, అది తే!"

దేవి చేతులు గుండీమీదే ఆగిపోయాయి.

"ఎక్కడుందో," అంది.

"ఎతుకు," అన్నాడు పోలిరాజు మెల్లగా.

ట్రంకుపెట్టె తెరిచింది. తన పెళ్ళిచీర మడతల మధ్యనుంచి కార్డు తీసింది. వెతకలేదు, వెతుకుతున్నట్టు నటించనూ లేదు. తెచ్చి అతని చేతిలో పెట్టింది.

పోలిరాజు దాన్ని చాలాసేపు చూశాడు. ఫొటోలో ఉన్న తననే ఎవరో అన్నట్టు చూశాడు.

"పోలీసోళ్ళు ఇచ్చిన కవర్లో ఏటేటున్నాయి?" అన్నాడు.

"పగిలిపోయిన ఫోను. దువ్వెన. బండి తాళం."

"ఇది నేదు."

"నేదు."

"ఊఁ," అన్నాడు. కార్డుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుని వాకరు వైపు చెయ్యి చాచాడు.

ఇంకేదైనా అంటాడని ఎదురుచూసింది. తిడతాడేమో, కొడతాడేమో, కనీసం కళ్ళెత్తుతాడేమో. ఆ రోజు పొద్దున ఎలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే, నేలకేసి చూస్తూ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటున్నాడు.

వీధి చివర ఆటో హారన్ కొట్టింది. సందులోకి రాదది. మలుపుదాకా నడవాలి. యాక్సిడెంటయ్యాక అతను తన కాళ్ళమీద గడప దాటడం ఇదే మొదలు.

గంగాలమ్మ ముందే వీధిలోకి దిగింది. చేతులు బారచాపి అటూ ఇటూ అదిలిస్తోంది. "తప్పుకోండి, తప్పుకోండి! ఒలే, ఆ బకెట్టు తియ్యి! ఎవులూ ఎదురు రాకండి. నా కొడుకు బయల్దేరతన్నాడు." ముసలమ్మ తలుపు మీదికి ప్రత్యేకంగా ఒక చూపు విసిరింది. ఆ తలుపు మూసే ఉంది.

"సేపలకి ఎల్తన్నాడేటి, సంతకానికి ఎల్తన్నాడు," అన్నాడు ఉమామహేష్.

"నోర్ముయ్. ఎల్లడం ఎల్లడమే."

పోలిరాజు వాకరు ముందుకి వేశాడు, గడప అవతల ఆనించాడు, బాగున్న కాలు దాటించాడు, రెండో కాలు ఈడ్చుకున్నాడు. దాటాడు.

దేవి చేతిలో ఫోను మోగింది. ఎత్తి చెవికి పెట్టుకుంది.

"తిరుమలరావునండి. ఈ కాల్ రికార్డు అవుతుంది. బయల్దేరారా?"

"బయల్దేరినారు."

"మంచిదండి. మరి ఆ సంగతి? మీకు ఫోన్ సంగతి తెలీదు, అపశకునమే కారణం. ఇంతేనా? 'అవును' అంటే చాలండి. ఒక్కమాట."

ఒక్కమాట. వాకరు రెండడుగులు వెళ్ళింది. టక్, ఈడ్పు. టక్, ఈడ్పు. అవునంటే రాడ్డుకి ఆపరేషన్ అవుతుంది. అవునంటే అత్త నెత్తళ్ళు గిల్లుకుంటూ ఎత్తిపొడుపులు పొడుస్తుంది, అంతే, పొడుచుకోనీ. అవునంటే ముసలమ్మ పేరు సీలు కింద పడుతుంది, ఆమె అర్ధరాత్రో అపరాత్రో నీళ్ళు పట్టుకుంటుంది, బతికినన్నాళ్ళూ. కాదంటే ఈ గడపమీద తనకి నిలబడే చోటు ఉండదు. ఇవన్నీ తెలిసినవే. ఎన్నోసార్లు తూచినవే. కానీ ఇప్పుడు ఆమె చూస్తున్నది వాటిని కాదు. అతని వీపుని. చొక్కా భుజాల మధ్య చెమటకి అంటుకుని ఉంది. ఆ రోజు చీకట్లో సరిగా కనబడలేదు ఈ వీపు.

"మేడం? లైన్లో ఉన్నారా? ఏటండీ ఇది, ఎంతసేపు?" మొదటిసారి ఆ గొంతులోంచి ఆఫీసు జారిపోయి ఊరు బయటపడింది. "ఒక్కమాట సెప్పడానికేటి?"

దేవి ఫోనుని చెవి దగ్గరనుంచి దించింది. కట్ చెయ్యలేదు. గడపమీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. టక్, ఈడ్పు. అతను మూడో ఇల్లు దాటుతున్నాడు, ముసలమ్మ తలుపు పక్కనుంచి.

"మావా!"

వీధి వీధంతా ఆగిపోయింది. బకెట్టు ఎత్తుతున్న మనిషి ఎత్తుతున్నట్టే ఉండిపోయింది. ఉమామహేష్ నోరు తెరిచాడు. గంగాలమ్మ బారచాపిన చేతులు దించడం మర్చిపోయింది.

దేవి మళ్ళీ పిలిచింది.  "ఎనక్కి రా మావా!"

వాకరు నిలిచిపోయింది. పోలిరాజు తల తిప్పలేదు. కుడిచెయ్యి ఒక్కటే వాకరుని వదిలి, ఆ రోజు డివైడరు సందు దగ్గర పోయినట్టే, దానికి దారి ఎప్పుడో తెలిసినట్టు, మెల్లగా పైకి లేచి చొక్కా జేబుమీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

గంగాలమ్మ ఆ చేతిని చూసింది. చూసి, కోడలి వైపు తిరిగింది.